హైదరాబాద్ – విశాఖ: గాల్లో గంటే, మరి ఇంటి నుంచి?

హైదరాబాద్ నుంచి విశాఖపట్నం ఎంత దూరం? దీనికి జవాబు ఒక్కటి కాదు. వందేభారత్ వెళ్లే రైలు దారిలో దాదాపు 700 కిలోమీటర్లు. రోడ్డు మీద 600 పైచిలుకు. గాల్లో గీత గీస్తే మాత్రం శంషాబాద్ నుంచి విశాఖ విమానాశ్రయానికి సుమారు 510. రెండు ఊళ్లూ పదిహేడో అక్షాంశానికి అటూఇటూగా ఉన్నాయి కాబట్టి విమానం నేరుగా తూర్పుకి పోతుంది. రైలుకి ఆ వీల్లేదు. వరంగల్, ఖమ్మం మీదుగా విజయవాడ దాకా దిగి, మళ్లీ రాజమండ్రి వైపు ఎక్కాలి.

గంటకి 800 కిలోమీటర్లు పోయే జెట్ విమానానికి ఈ దూరం నలభై నిమిషాల పని. మరి టికెట్ మీద గంటా పావు అని ఎందుకుంటుంది? ఆ లెక్క గాల్లో ఉన్న సమయానిది కాదు. విమానం బయల్దేరే చోట కదిలినప్పటి నుంచి దిగిన చోట ఆగేదాకా లెక్క. రన్‌వే వరకూ పాకడం, పైకెక్కడం, దిగడానికి వరస కోసం చక్కర్లు... అన్నీ అందులోవే. పైగా ఇంత చిన్న ప్రయాణంలో పూర్తి వేగంతో పోయేది కాసేపే.

సరే, ఆ గంటా పావే నమ్ముదాం. కూకట్‌పల్లిలో ఇల్లు, విశాఖ ఎంవీపీ కాలనీలో అత్తారిల్లు అనుకోండి. శంషాబాద్ చేరడానికి గంటంపావు. కౌంటర్ గంట ముందే మూసేస్తారు కాబట్టి గంటన్నర ముందుండాలి. దిగాక పెట్టె కోసం అరగంట, ఇంటికి ఇంకో నలభై నిమిషాలు. మొత్తం ఐదు గంటలు దాటింది. అందులో గాల్లో ఎగిరింది గంటలోపే!

2023 సంక్రాంతికి మొదలైన సికింద్రాబాద్ – విశాఖ వందేభారత్‌కి ఎనిమిదిన్నర గంటలు. ఇంటి నుంచి ఇంటికి పది వేసుకోండి. అంటే విమానం మిగిల్చేది ఏడు గంటలు కాదు, ఐదే. నాన్నగారికి బాగాలేదని ఫోనొస్తే ఆ ఐదు గంటలకి వెల కట్టలేం. అదే పిల్లాపాపలతో నలుగురు పండక్కి వెళ్లాలంటే, నా మటుకు గోదావరి ఎక్స్‌ప్రెస్‌దే గెలుపు. సాయంత్రం ఎక్కి పడుకుంటే తెల్లారేసరికి విశాఖ. పన్నెండు గంటలు పట్టినా పగలు పోదు. బెర్తు దొరకాలి, అదొక్కటే తిప్పలు.

విమానం వేగం పెరగకపోయినా, తగ్గకపోయినా ప్రయాణ సమయం మారుతుంది. 2008 మార్చిలో బేగంపేట మూసి శంషాబాద్ తెరిచినప్పుడు సికింద్రాబాద్ వాళ్లకి ఇది అనుభవమే. అంతవరకూ ఆటోలో వెళ్లినవాళ్లు ఊరంతా దాటి పోవాల్సి వచ్చింది. ఇప్పుడు విశాఖ వంతు. అక్కడి విమానాశ్రయం నౌకాదళానిది, ఊరిని ఆనుకునే ఉంది. దానికి బదులు విజయనగరం జిల్లా భోగాపురంలో అల్లూరి సీతారామరాజు పేరిట కొత్తది తలపెట్టారు. విశాఖ నుంచి అది నలభై కిలోమీటర్లకు పైనే. గాజువాక, అనకాపల్లి వాళ్లకి ఊరు అడ్డంగా దాటే పని. విజయనగరం, శ్రీకాకుళం వాళ్లకి మాత్రం విమానం ఇంటి దగ్గరికొచ్చినట్టే. శంషాబాద్‌కి పుష్పక్ బస్సులున్నట్టు అక్కడికీ వేళాపాళా ఉన్న బస్సులు వేస్తే సరే. లేకపోతే రాత్రి పదకొండింటికి దిగినవాళ్లు గాజువాక చేరడానికి, హైదరాబాద్ నుంచి ఎగిరొచ్చిన దానికన్నా ఎక్కువసేపు కారులో కూర్చోవాలి.