రెక్క మీది మబ్బు, దమ్‌దమ్ గాలి

1917 డిసెంబరు 6న ఎస్.ఇ.5 రకం బ్రిటిష్ యుద్ధవిమానం ఒకటి దిగుతూ దిగుతూ కూలింది. దాన్ని నడిపిన ఇంద్రలాల్ రాయ్ కలకత్తాలో పుట్టినవాడు. నాలుగు రోజుల కిందటే అతనికి పంతొమ్మిదేళ్ళు నిండాయి. ప్రాణం దక్కింది గానీ, ఎగరడానికి పనికిరావన్నారు వైద్యులు. చేతిలో పని లేని ఆ రోజుల్లో అతను పెన్సిలు పట్టి విమానాల బొమ్మలు గీశాడు. వాటిలో కొన్ని ఇప్పటికీ మిగిలాయి. 1918లో పట్టుబట్టి మళ్ళీ స్క్వాడ్రన్‌లో చేరాడు. జూలైలో రెండు వారాలు తిరక్కుండానే పది విజయాలు సాధించాడు. అదే నెల 22న గగనయుద్ధంలో చనిపోయాడు. డిస్టింగ్విష్డ్ ఫ్లయింగ్ క్రాస్ పొందిన తొలి భారతీయుడు అతనే. భవానీపూర్‌లోని ఇంద్ర రాయ్ రోడ్డుకు ఆ పేరు ఇతనివల్లే వచ్చింది. వైమానిక దళానికి తొలి భారతీయ అధిపతి అయిన సుబ్రతో ముఖర్జీ ఇతని మేనల్లుడు.

వీరగాథగా ఈ కథను చాలామంది చెప్పారు. నాకు మాత్రం ఆ పెన్సిలు బొమ్మల మీదే ధ్యాస. విమానాన్ని గీయాలంటే దాని గురించి ప్రశ్నలు వేసుకోక తప్పదు. ఎస్.ఇ.5కి ఒకదాని మీద ఒకటిగా రెండు రెక్కలెందుకు? మధ్యలో ఆ కర్రలూ తీగలూ ఎందుకు? ఆ కాలపు రెక్క చాలా పలచన, ఒంటరిగా నిలబడితే వంగిపోతుంది. అందుకే రెండింటినీ తీగలతో బిగించి కట్టేవారు. తీగలు బలాన్నిస్తాయి, కానీ గాలికి అడ్డుపడి వేగాన్ని తింటాయి. అవతలి పక్షాన జర్మన్ల ఫోకర్ డి-7 దళసరి రెక్కలతో వచ్చింది. బలం రెక్క లోపలే దాగింది, బయటి బిగింపు తీగలతో పని తప్పింది. ఈ తేడా గీసినవాడి కంటికి దూరం నుంచే తెలుస్తుంది. యుద్ధంలో ఆ గుర్తింపే ప్రాణాలు కాపాడేది.

ఇప్పుడు కోల్‌కతా విమానాశ్రయమున్న దమ్‌దమ్ చుట్టుపక్కల మేడల మీద, రోడ్ల వార కెమెరాలతో నిలబడేవాళ్ళు చేసే పనీ అదే. పైనుంచి పోయే ఎయిర్‌బస్ 320 పాతదో, నియో అనే కొత్త రకమో ఇంజను చూసి చెబుతారు. పాతదాని ముందు ఫ్యాను వ్యాసం సుమారు 1.73 మీటర్లు. నియోలో అది రెండు మీటర్ల దాకా పెరిగింది. ఈ పెరుగుదల వెనక ఉన్నది హైస్కూలు భౌతికశాస్త్రమే. ముందుకు తోసే బలం వెనక్కి నెట్టిన గాలి ద్రవ్యవేగాన్ని బట్టి వస్తుంది. దానికయ్యే శక్తి మాత్రం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. కొద్ది గాలిని వడిగా నెట్టడం కంటే, రెట్టింపు గాలిని సగం వేగంతో నెడితే బలం అంతే, ఖర్చయ్యే శక్తి సగం. పెద్ద ఫ్యాను లాభం అది. నష్టం కూడా ఉంది. బోయింగ్ 737 కాళ్ళు పొట్టివి. దాని మ్యాక్స్ రకానికి పెద్ద ఇంజను తగిలించాలంటే దాన్ని రెక్కకు ముందుకు, పైకి జరపాల్సి వచ్చింది. ఆ జరుపుడు దాచిన చిక్కులేమిటో 2018, 2019 ప్రమాదాల తర్వాత ప్రపంచానికి తెలిశాయి.

ఇక కోల్‌కతాకే ప్రత్యేకమైన విషయానికొస్తాను. వానాకాలంలో ఇక్కడి గాలి నిండా తేమ ఉంటుంది. ఉష్ణోగ్రత 28 డిగ్రీలున్న రోజున, గాలిలోని ఆవిరి తుంపరగా మారే హద్దు 26 దగ్గర ఉండొచ్చు. రెండే డిగ్రీల ఎడం. విమానం రెక్క పైభాగంలో పీడనం తగ్గుతుంది. పీడనం తగ్గిన గాలి వ్యాకోచిస్తుంది, వ్యాకోచించిన గాలి చల్లబడుతుంది. ఆ రెండు డిగ్రీలూ దాటగానే రెక్క మీద తెల్లటి మబ్బు పుట్టి, రెక్క దాటగానే మాయమవుతుంది. చాలామంది దాన్ని పొగ అనుకుంటారు. అది నీటి తుంపర. రెక్కను పైకి లేపుతున్న పీడన భేదం కంటికి కనబడే రూపమది. ఎడారి ఊళ్ళో ఏళ్ళ తరబడి కెమెరా పట్టుకున్నా ఈ భాగ్యం అరుదు.

మబ్బుతోపాటు, రెక్క వెనక అంచున ఉండే ఫ్లాప్‌ల బయటి కొసల నుంచి వడికిన నూలుపోగుల్లాంటి తెల్లని చారలు వెనక్కి సాగుతాయి. రెక్క కింద ఎక్కువ పీడనం, పైన తక్కువ. అంచు దొరకగానే కింది గాలి పైకి పొర్లి సుడి తిరుగుతుంది. ఆ సుడి నడుమ పీడనం మరీ తక్కువ కాబట్టి అక్కడ తుంపర తేలిగ్గా పుడుతుంది. సుడిగా పోయిన శక్తి అంతా ఇంధనం ఖాతాలో నష్టమే. ఎయిర్‌బస్ రెక్క కొసన నిటారుగా నిలబడే 2.4 మీటర్ల షార్క్‌లెట్ ఆ పొర్లుడును తగ్గించడానికే. నాలుగు శాతం దాకా ఇంధనం ఆదా అవుతుందని ఆ కంపెనీ చెబుతుంది. పెద్ద విమానం వెనక చిన్న విమానాన్ని ఆపి ఉంచేదీ ఈ సుడుల భయంతోనే.

తేమ గాలి బరువు అనుకుంటాం. నిజానికి తేలిక. నీటి అణువు భారం 18, గాలి అణువుల సగటు 29. ఆవిరి చేరిన మేరకు గాలి పలచబడుతుంది. ఎండ కూడా అంతే. 15 డిగ్రీల గాలితో పోలిస్తే 40 డిగ్రీల గాలి సాంద్రత 8 శాతం తక్కువ. రెక్కకూ ఇంజనుకూ దొరికే గాలి తగ్గుతుంది, పరుగు పొడవవుతుంది. మే మధ్యాహ్నం విమానం రన్‌వే మీద ఇంకా పరుగెడుతూనే ఉందేమిటని అనిపిస్తే అది భ్రమ కాదు.

దమ్‌దమ్ రన్‌వేలు రెండూ సమాంతరంగా ఉత్తర దక్షిణాలుగా ఉంటాయి. వాటి మీద రాసిన 01, 19 అంకెలు దిక్సూచి చూపే 10, 190 డిగ్రీలకు గుర్తులు. విమానం గాలికి ఎదురుగా లేస్తుంది, ఎదురుగానే దిగుతుంది. వేసవిలోనూ వానాకాలంలోనూ దక్షిణపు గాలి ఎక్కువ కాబట్టి విమానాలు ఉత్తరాన మధ్యమ్‌గ్రామ్ వైపు నుంచి వచ్చి దిగుతాయి. చలికాలంలో గాలి తిరిగితే రాజర్‌హాట్ వైపు నుంచి వస్తాయి. వెలుతురు కోసం ఉదయం రన్‌వేకు తూర్పున, సాయంత్రం పడమరన నిలబడాలి. జెస్సోర్ రోడ్డు పడమటి వైపు కాబట్టి అక్కడ సాయంత్రాలు మంచివి.

షట్టర్ సంగతిలో చాలామంది తప్పటడుగు వేసేది ప్రొపెల్లర్ విమానాల దగ్గర. ఈశాన్య రాష్ట్రాల చిన్న రన్‌వేలకు వెళ్ళే ఏటీఆర్ 72కి ఒక్కో ప్రొపెల్లర్‌కు ఆరు బ్లేడ్లు, అంటే బ్లేడుకీ బ్లేడుకీ మధ్య 60 డిగ్రీలు. లేచేటప్పుడు నిమిషానికి సుమారు 1200 చుట్లు, సెకనుకు 20. సెకనులో వెయ్యోవంతు షట్టర్ పెడితే ఆ వ్యవధిలో బ్లేడు 7 డిగ్రీలే తిరుగుతుంది. ఫొటోలో ఇంజను ఆగిపోయిన విమానం గాలిలో వేలాడుతున్నట్టు వస్తుంది. 125వ వంతు పెడితే 58 డిగ్రీలు తిరిగి దాదాపు నిండు చక్రం వస్తుంది. అప్పుడు మీ చెయ్యి విమానంతోపాటు నిలకడగా తిరగాలి, అదే కష్టం. ఇక ఎండకు రన్‌వే పైన గాలి వణికే వేళ ఎంత ఖరీదైన లెన్సూ బొమ్మను కాపాడలేదు. డబ్బు పెట్టేకంటే పొద్దున్నే వెళ్ళడం మేలు.

కెమెరాకూ దమ్‌దమ్‌కూ అనుబంధం పాతది. 1943లో ఇక్కడే రూపుదిద్దుకున్న బ్రిటిష్ వైమానిక దళపు 681, 684 స్క్వాడ్రన్ల పని బర్మా మీదుగా ఎగిరి ఫొటోలు తీయడం. స్పిట్‌ఫైర్లలో తుపాకులు తీసేసి కెమెరాలు బిగించారు. 684వ దళం వాడిన మస్కిటో విమానం చెక్కతో చేసి జిగురుతో అతికించినది. 1944లో ఇండియాలో కొన్ని మస్కిటోల రెక్కలు విరిగాయి. ఇక్కడి ఎండకూ తేమకూ జిగురు ఆగలేదేమోనని అనుమానించారు. అతుకుల్లో కర్మాగారం లోపాలూ తేలాయి.

అంతకంటే పెద్ద పాఠం కాలబైశాఖి నేర్పింది. వేసవి సాయంత్రాల్లో బంగాళాఖాతం తేమ గాలి కింద, ఛోటా నాగపూర్ పీఠభూమి నుంచి వచ్చే పొడి గాలి పైన చేరి, వాయవ్యం నుంచి ముంచుకొచ్చే తుపాను గాలి అది. ప్రయాణికులతో నడిచిన తొలి జెట్ విమానం కామెట్ 1952 మే 2న సేవ మొదలుపెట్టింది. సరిగ్గా ఏడాదికి, 1953 మే 2న, బ్రిటిష్ విమాన సంస్థ బీఓఏసీ వారి కామెట్ దమ్‌దమ్ నుంచి లేచిన ఆరు నిమిషాలకు అలాంటి గాలివానలో ముక్కలైంది. 43 మంది చనిపోయారు. తీవ్రమైన గాలి తాకిడికో, దాన్ని తట్టుకోవాలని పైలట్ నియంత్రణలను మితిమీరి లాగడంవల్లో నిర్మాణం విరిగిందని విచారణ తేల్చింది. హైడ్రాలిక్ సాయంతో కదిలే కామెట్ నియంత్రణలు చేతికి బరువు తెలియనిచ్చేవి కావు. ఆ తర్వాత కామెట్లకు వాతావరణ రాడారూ, వేగాన్నిబట్టి చేతికి కృత్రిమంగా బరువు తెలిపే ఏర్పాటూ వచ్చాయి. లోహపు అలసట సంగతి 1954లో, మరో రెండు కామెట్లు పోయాక, నీటి తొట్టెలో పరీక్షించి కనుక్కున్నారు. కలకత్తా ప్రమాదాన్ని కూడా అందులో కలిపి రాసేవాళ్ళున్నారు. అధికారిక విచారణ అలా చెప్పలేదు.

ఈ సరదా మొదలుపెట్టాలనుకునే మన కుర్రకారుకు రెండు మాటలు. విమానాశ్రయం లోపలా, రక్షణ స్థావరాల దగ్గరా అనుమతి లేనిదే కెమెరా తీయకండి. విమానాశ్రయం పరిసరాల్లో డ్రోన్ జోలికి అసలే పోవద్దు. దగ్గర నుంచి చూడాలంటే మన హైదరాబాదు బేగంపేటలో రెండేళ్ళకోసారి జరిగే వింగ్స్ ఇండియా ప్రదర్శన ఉంది. శంషాబాద్ రన్‌వేలు తూర్పు పడమరలుగా ఉంటాయి, అంకెలు 09, 27. వానాకాలంలో పడమటి గాలి వీస్తుంది కాబట్టి విమానాలు తూర్పు నుంచి దిగుతాయి. అక్కడ ఏడాదిలో చాలా భాగం దక్షిణం వైపు నిలబడితేనే వెలుతురు మీ వీపు మీద ఉంటుంది. కెమెరా లేకపోతే పెన్సిలు తీసుకెళ్ళండి.