ప్లగ్-ఇన్ హైబ్రిడ్ వాహనం

ప్లగ్-ఇన్ హైబ్రిడ్ వాహనం అనగా ఇంటివద్ద ప్లగ్గు పెట్టి చార్జి చేసుకొనదగిన బ్యాటరీ, విద్యుత్ మోటారులతో పాటు పెట్రోలు లేదా డీజిలు ఇంజను కూడా గల వాహనం. 2022లో భారతదేశంలో విడుదలైన మారుతి గ్రాండ్ విటారా, టయోటా హైరైడర్ హైబ్రిడ్లు ఈ కోవలోనివి కావు. వాటి బ్యాటరీని బయటినుండి చార్జి చేయలేము.

ప్రయాణపు అలవాట్లు

ఈ వాహనాలలో అనేకం ఒక్క చార్జితో 40 నుండి 80 కిలోమీటర్ల వరకు కరెంటుపై నడుస్తాయి. పెదవేగి ఏలూరుకు సుమారు 12 కిలోమీటర్ల దూరంలో ఉన్నది. ఏలూరులో కాపురముండి, పెదవేగిలోని భారతీయ ఆయిల్‌పామ్ పరిశోధనా సంస్థకు రోజూ వచ్చిపోయే ఉద్యోగి రాత్రిపూట చార్జి పెట్టుకొన్నచో, పెట్రోలు అవసరం అరుదుగానే కలుగుతుంది. అయితే విజయవాడ వెళ్ళినప్పుడు (ఏలూరు నుండి సుమారు 60 కిలోమీటర్లు) తిరుగు ప్రయాణం చాలావరకు ఇంజనుపైనే సాగుతుంది. దూరప్రయాణాలు బొత్తిగా లేనివారికి ఇంజను వృథా. కేవలం బ్యాటరీతో నడిచే కారే చాలును.

వాహనం నిలుపు చోట ప్లగ్గు లేనివారికి ఇది తగదు. చార్జి చేయనిచో బరువైన బ్యాటరీని పెట్రోలు ఖర్చుతో మోసినట్లే. యూరోపియన్ కమిషన్ 2024 నివేదిక ప్రకారం, 2021లో రిజిస్టరైన ఇట్టి కార్లు రోడ్డుపై వదిలిన కార్బన్ డయాక్సైడు, ప్రయోగశాల అంకెలకు సగటున 3.5 రెట్లు. అనుకున్నంత తరచుగా చార్జి చేయకపోవడమే ఇందుకు ముఖ్యకారణం.

ధర

భారతదేశంలో తొలుత వచ్చినవాటిలో బీఎండబ్ల్యు ఐ8 (2015), వోల్వో ఎక్స్‌సి90 టి8 (2016) ముఖ్యమైనవి. రెండింటి ధరా కోటి రూపాయలకు పైమాటే. పెట్రోలు ఆదాతో అంత సొమ్ము రాబట్టుట అసాధ్యం.