కనిపించని అలసట: దీర్ఘవ్యాధులలో మెదడు శక్తి పొదుపు

శరీరం అలసినప్పుడు చెమట కనబడుతుంది, ఆయాసం వినబడుతుంది. మెదడు అలసినప్పుడు అటువంటి ఆనవాలు ఏదీ పైకి తెలియదు. అందువల్లనే దీర్ఘవ్యాధితో బాధపడే మనిషి "తల పనిచేయడం లేదు, ఈ చప్పుడు భరించలేకపోతున్నాను" అన్నప్పుడు, ఇంటిల్లిపాదీ దానిని బద్ధకమనో, విసుగనో, మనోధైర్యం చాలకపోవడమనో అనుకోవడం కద్దు. ఈ అపోహ వల్ల రోగికి రెండు విధాల నష్టం. మొదటిది నింద. రెండవది అంతకంటె ప్రమాదకరమైనది: ఆ నిందను తప్పించుకోవాలని రోగి శక్తికి మించి శ్రమించి వ్యాధిని ముదరబెట్టుకోవడం. మెదడు అలసట శరీరధర్మానికి సంబంధించిన విషయమని గ్రహిస్తే ఈ రెండు నష్టాలూ చాలావరకు తప్పుతాయి.

నమ్మకానికి పట్టిన కాలం

మల్టిపుల్ స్క్లీరోసిస్, లూపస్, రుమటాయిడ్ ఆర్థ్రైటిస్, పార్కిన్సన్స్ వంటి వ్యాధులలోను, తలకు దెబ్బ తగిలిన తరువాత కొందరిలోను, 2020 నుండి కోవిడ్ సోకి తగ్గిన అనేకులలోను ఈ అలసట కనబడుతున్నది. అయితే దీని చరిత్ర స్పష్టంగా తెలిసేది మయాల్జిక్ ఎన్సెఫలోమైలైటిస్ అనే వ్యాధి కథలో. క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్ అన్నది దీనికే మరొక పేరు.

1955లో లండన్ నగరంలోని రాయల్ ఫ్రీ ఆసుపత్రిలో 292 మంది సిబ్బంది ఒక అంతుచిక్కని జబ్బు పాలయ్యారు. 1970లో ఇద్దరు మనోవైద్యులు, ఆ రోగులను స్వయంగా పరీక్షించకుండానే, పాత కాగితాలను తిరగవేసి అది సామూహిక హిస్టీరియా అని ప్రకటించారు. ఆ మాట దశాబ్దాల పాటు రోగులను వెంటాడింది. చివరకు 2015లో అమెరికాలోని ఇన్స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ నిపుణుల సంఘం వేలకొద్దీ పరిశోధన పత్రాలను పరిశీలించి, ఇది మనోభ్రమ కాదనీ, శరీరంలోని అనేక వ్యవస్థలను దెబ్బతీసే తీవ్రమైన వ్యాధి అనీ తేల్చింది. అమెరికాలో 8,36,000 నుండి 25 లక్షల మంది వరకు దీనితో బాధపడుతున్నారని ఆ సంఘం అంచనా.

ఈ వ్యాధికి గుర్తు శ్రమానంతర క్షీణత. మామూలు మనిషి ఒక రాత్రి నిద్రపోతే తేరుకుంటాడు. ఈ రోగికి శ్రమ ఫలితం తరచుగా 12 నుండి 48 గంటల తరువాత బయటపడుతుంది. రోజుల తరబడి, ఒక్కొక్కప్పుడు వారాల తరబడి మంచం పట్టిస్తుంది. ఆ శ్రమ నడకే కానక్కరలేదు. ఆదాయపు పన్ను కాగితాలు నింపడం, గంటసేపు నలుగురి మధ్య కూర్చుని మాట్లాడడం కూడా చాలు. శనివారం పెళ్ళిలో నవ్వుతూ కనిపించిన మనిషి సోమవారం లేవలేకపోతే, "మొన్న బాగానే ఉన్నారే" అని బంధువులు ఆశ్చర్యపోవడానికి కారణం ఈ ఆలస్యమే.

మెదడులోని రసాయన చక్రం

మెదడు బరువు శరీరంలో సుమారు 2 శాతం. విశ్రాంతిగా ఉన్నప్పుడు కూడా శరీరం వాడే శక్తిలో దాదాపు 20 శాతం దానికే ఖర్చవుతుంది. నాడీకణాలు ఒకదానికొకటి సంకేతాలు పంపడానికి వాడే ముఖ్యమైన రసాయనం గ్లుటమేట్. సంకేతం అందిన వెంటనే ఆ గ్లుటమేట్ అక్కడినుండి తొలగిపోవాలి. లేకపోతే తరువాతి సంకేతం స్పష్టంగా వినబడదు. ఈ ఊడ్చే పని ఆస్ట్రోసైట్లనే నక్షత్రాకార కణాలది. అవి గ్లుటమేటును లోపలికి లాక్కుని, గ్లుటమిన్‌గా మార్చి, నాడీకణాలకు తిరిగి అందిస్తాయి. ఈ చక్రం తిరగడానికి చాలా శక్తి కావాలి.

స్వీడన్ శాస్త్రజ్ఞులు లార్స్ రోన్‌బాక్, ఎలిజబెత్ హాన్సన్ 2004లో ఒక ఊహను ప్రతిపాదించారు. వ్యాధి వల్ల శరీరంలో పుట్టే కొన్ని శోథకారక పదార్థాలు ఆస్ట్రోసైట్ల పనిని మందగింపజేస్తాయనీ, అప్పుడు నాడీకణాల చుట్టూ గ్లుటమేట్ పేరుకొని, ముఖ్యమైన సంకేతానికీ అనవసరమైన రొదకూ తేడా చెరిగిపోతుందనీ వారి భావన. ఇది ఇంకా పూర్తిగా నిరూపణ కాలేదు. కాని 2022లో పారిస్ పరిశోధకులు, ఒక పనిదినమంతసేపు కఠినమైన మానసిక శ్రమ చేసిన ఆరోగ్యవంతుల మెదడు ముందుభాగంలో గ్లుటమేట్ పెరగడాన్ని అయస్కాంత వర్ణపట పరీక్ష ద్వారా కొలిచి చూపారు. మెదడు అలసటకు రసాయన మూలం ఉండవచ్చునన్న ఆలోచనకు ఇది బలమిచ్చింది. పోతే, టొమాటోలలోను, అజినమోటోలోను ఉండే గ్లుటమేట్ వేరు సంగతి. ఆహారంలోని గ్లుటమేట్ రక్తంనుండి మెదడులోకి సులువుగా ప్రవేశించలేదు.

కాఫీ సంగతి కూడా ఇక్కడ చెప్పుకోవాలి. మెదడు పనిచేస్తున్నకొద్దీ అడినోసిన్ అనే పదార్థం పేరుకొని, విశ్రాంతి కావాలని హెచ్చరిస్తుంది. కాఫీలోని కెఫీన్ ఆ హెచ్చరిక అందే చోటును ఆక్రమిస్తుంది. అంతేగాని కొత్త శక్తిని పుట్టించదు. కారులో పెట్రోలు ముల్లును కాగితంతో కప్పినంత మాత్రాన ట్యాంకు నిండదు కదా!

ఇంద్రియాలపై భారం ఎందుకు?

ఆరోగ్యవంతుని మెదడు చేరవచ్చే ధ్వనులు, వెలుగులు, వాసనలలో అధికభాగాన్ని గడపలోనే ఆపివేస్తుంది. రిఫ్రిజిరేటర్ రొద రోజంతా ఉన్నా మనకు పట్టదు. పదిమంది ఒకేసారి మాట్లాడుతున్న గదిలో కావలసిన ఒక్క గొంతును మాత్రమే వినగలిగే శక్తిని కాలిన్ చెర్రీ అనే శాస్త్రజ్ఞుడు 1953లో ప్రయోగపూర్వకంగా పరిశీలించాడు. ఈ వడపోత ఉచితంగా జరిగేది కాదు. దానికీ మెదడు శ్రమపడాలి. అలసిన మెదడులో జల్లెడ చిరుగుతుంది. అప్పుడు మిక్సీ మోత, కుక్కర్ ఈల, టీవీ, పిల్లల ఆట, పోపు ఘాటు, అగరువత్తి వాసన అన్నీ ఒకే బలంతో మీద పడతాయి. రోగి చెవులు మూసుకుని గదిలోకి వెళ్ళిపోవడం అతిథుల పట్ల అనాదరణ కాదు, ఆత్మరక్షణ.

మంచమున్నంతవరకే కాళ్ళు

మంచమున్నంతవరకే కాళ్ళు చాపుకోవాలని సామెత. ఈ వ్యాధిలో పాటించవలసిన సూత్రం అదే. అలసిన తరువాత విశ్రమించడం కాక, అలసట రాకముందే విశ్రమించాలి.

ముందుగా రెండు వారాలపాటు, చేసిన పనులను, ఆ మరుసటి రెండు రోజుల పరిస్థితిని ఒక పుస్తకంలో వ్రాసుకోవాలి. ఏ పని ఎంతసేపు చేస్తే దెబ్బతింటున్నదో దానివల్ల తెలుస్తుంది. అరగంట చదివితే కష్టమని తేలితే, పదిహేను నిమిషాలకే ఆపి కళ్ళు మూసుకుని పడుకోవాలి. టీవీ చూడడం, ఫోను తిరగవేయడం విశ్రాంతి కిందకు రావు. కాస్త బాగున్న రోజున మిగిలిపోయిన పనులన్నీ ఒక్కసారిగా ముగించాలనే కోరికను అణచుకోవడం అన్నిటికంటె కష్టం, అన్నిటికంటె అవసరం.

ఒక సమయంలో ఒకే పని, వీలైతే ఒకే ధ్వని ఉండాలి. మాట్లాడేటప్పుడు టీవీ కట్టివేయాలి. మిక్సీ వేసేముందు ఒక మాట చెప్పాలి. బజారులో చెవులకు బిరడాలు, ఎండలో నల్లకళ్ళద్దాలు వాడవచ్చు. కాని నిశ్శబ్దమైన ఇంట్లో కూడా వాటిని రోజంతా ధరిస్తే చెవులు, కళ్ళు మరింత సున్నితమవుతాయి. భారతదేశానికి చేసే ఫోను సంభాషణలను పావుగంటకు పరిమితం చేసి, ఆ సంగతి అక్కడి పెద్దలకు ముందుగానే విన్నవించుకుంటే అపార్థాలుండవు. మందులను వారానికి సరిపడా అరల పెట్టెలో సర్దుకోవాలి. తల మొద్దుబారిన రోజున కారు నడపరాదు.

వ్యాయామం విషయంలో ఒక హెచ్చరిక. మల్టిపుల్ స్క్లీరోసిస్ రోగులలో తగిన పర్యవేక్షణలో చేసే వ్యాయామం అలసటను తగ్గించగలదు. మయాల్జిక్ ఎన్సెఫలోమైలైటిస్ రోగులకు మాత్రం క్రమంగా పెంచుకుంటూపోయే వ్యాయామ చికిత్సను సూచించరాదని బ్రిటన్ జాతీయ వైద్య మార్గదర్శక సంస్థ 2021లో నిర్ణయించింది. ఒకరికి మేలుచేసినది మరొకరికి చెరుపు చేయవచ్చు.

వైద్యుని వద్ద, ఉద్యోగంలో

ప్రతి అలసటనూ దీర్ఘవ్యాధి ఖాతాలో వేయడం పొరపాటు. రక్తహీనత, థైరాయిడ్ లోపం, మధుమేహం, నిద్రలో ఊపిరి ఆగే జబ్బు, మానసిక కుంగుబాటు ఇటువంటి లక్షణాలనే కలిగిస్తాయి. వీటికి చికిత్స ఉన్నది. శాకాహారులలోను, ఏళ్ళ తరబడి మెట్‌ఫార్మిన్ వాడేవారిలోను బి12 విటమిన్ లోపించవచ్చు. మన కుటుంబాలలో ఇది గుర్తుంచుకోదగిన విషయం. హఠాత్తుగా మతి తప్పినట్లు మాట్లాడినా, మాట తడబడినా, ఒకవైపు కాలుచేతులు బలహీనపడినా అది అలసట కాదు. వెంటనే అత్యవసర వైద్యం పొందాలి.

అమెరికాలో ఉద్యోగం చేసేవారికి 1990 నాటి వికలాంగుల హక్కుల చట్టం కొంత ఆసరా. వ్యాధి ఆ చట్టపు నిర్వచనంలోకి వస్తే, నిశ్శబ్దమైన చోట కూర్చోవడానికి, మధ్యమధ్య విరామానికి, వ్రాతపూర్వకమైన సూచనలకు యజమానిని అడగవచ్చు. అర్హతగల ఉద్యోగులకు 1993 నాటి కుటుంబ, వైద్య సెలవు చట్టం ఏడాదికి 12 వారాల వరకు జీతంలేని సెలవు ఇస్తుంది. కుటుంబం యావత్తూ ఒకరి ఉద్యోగంపైన, ఆ ఉద్యోగంతో ముడిపడిన వీసాపైన ఆధారపడినప్పుడు జబ్బును దాచుకోవాలనిపించడం సహజం. కాని పూర్తిగా కూలిపోయిన తరువాత అడగడం కంటె, నిలబడగలిగిన స్థితిలో వైద్యుని లేఖతో అడగడం మేలు.

సంఘం చేయగలిగినది

ఇల్లు విడిచి ఇంతదూరం వచ్చినవారికి ఉగాది, సంక్రాంతి సమావేశాలే బంధుత్వాలు. లౌడ్‌స్పీకర్లకు, మెరిసే దీపాలకు జడిసి వాటికి దూరమైన రోగికి వ్యాధితోపాటు ఒంటరితనం తోడవుతుంది. దీనికి పెద్ద ఖర్చు అక్కరలేదు. సభాప్రాంగణంలో తలుపు మూసుకోగల ఒక చిన్న గది, మసక వెలుతురు, నాలుగు కుర్చీలు, నడుము వాల్చడానికి ఒక మంచం చాలు. రోగి ఒక నాట్యం చూసి, అరగంట విశ్రమించి, ఆప్తులను పలకరించి, భోజనాలకు ఆగకుండా వెళ్ళిపోవచ్చు. అలా మధ్యలో వెళ్ళిపోయేవారిని "అప్పుడేనా?" అని నిలదీయకుండా, "వచ్చారు, సంతోషం" అని సాగనంపడం మనందరి చేతిలో ఉన్న పని.