ఇల్లు మారిన లెక్కల యంత్రము



తుని ప్రాంతమున మామిడితోటలు గల రైతులకు ఒక సంగతి అనుభవపూర్వకముగా తెలియును. కోత దినములలో మండీకి చేర్చిన సరుకునకు లెక్కచీటి ఒక పూట ఆలస్యమైనను కోతకూలి, బండికిరాయి, పాత బాకీ అన్నియు నిలిచిపోవును. ఒకప్పు డా లెక్క గుమాస్తా చిట్టాలో నుండెడిది. నేడు కంప్యూటరులో నుండుచున్నది. భూముల దస్తావేజులును 1998వ సంవత్సరమునుండి మన రాష్ట్రమున కంప్యూటరులోని కెక్కినవి. కావున ఆ యంత్రము మూగవోయినప్పుడు ఏమి చేయవలెనో తెలిసికొనుట పనివానికి మాత్రమే కాదు, లెక్క గలవానికిని అవసరమే.

ఒక మండీలో పదేండ్లనాటి సర్వరు ఉన్నదనుకొందము. సర్వరనగా తక్కిన కంప్యూటర్లన్నియు లెక్క కొరకు ఆశ్రయించు పెద్ద యంత్రము. అది ముసలిదైనందున యజమాని దానిని వర్చువల్ మెషీనుగా మార్పించెను. ఇచ్చట మార్చుట యనగా ఇనుపపెట్టెను మోయుట గాదు. పాతయంత్రములోని లెక్కలను, వానిని వ్రాయు ప్రోగ్రాములను, అన్నిటికిని మూలమైన విండోస్ లేక లినక్స్ వ్యవస్థను ఉన్నవున్నట్లుగా క్రొత్త యంత్రములో ఒక భాగమునకు దింపుట. పెద్ద లోగిలిలో పలు కాపురములున్నట్లు ఒక్క యంత్రములో పలు సర్వర్లు వేరువేరుగా మెలగును. ఈ పద్ధతి క్రొత్తది కాదు. ఐ.బి.ఎం. కంపెనీవారు 1972లోనే తమ మహాయంత్రములకు దీనిని సమకూర్చిరి. 1999లో వీఎంవేర్ కంపెనీ సామాన్య కంప్యూటర్లకు తెచ్చెను. 2007లో కె.వి.ఎం. అను పేర లినక్స్‌లోనే ఇది చేరినది.

మార్పు ముగిసినది. సర్వరు లేచినది. లెక్కలన్నియు కనబడుచున్నవి. కాని ప్రక్కబల్లమీది కంప్యూటరునకు మాత్రము సర్వరు దొరకుట లేదు. ఏల?

కరణీకములు 1984లో రద్దయినను కరణముగారి దఫ్తరము మీలో పలువురకు జ్ఞాపకముండును. ఆయన దఫ్తరముతో సహా వేరింటికి మారెననుకొనుడు. కాగితములు భద్రమే. కాని క్రొత్త యింటి గడియ తీయు తీరు ఆయనకు తెలియదు. ఊరివారి పద్దులలో ఆయన చిరునామా పాత గుమ్మముమీదనే యున్నది. మన సర్వరునకును ఈ రెండు చిక్కులే కలిగినవి.

మొదటిది గడియ చిక్కు. యంత్రమును బయటి తీగతో కలుపు పరికరమును నెట్‌వర్కు కార్డందురు. ఆ కార్డుతో మాటాడుట మూలవ్యవస్థకు నేర్పు చిన్న ప్రోగ్రామే డ్రైవరు. బండి తోలువాడని భ్రమపడకుడు. పాతయంత్రములోని కార్డు వేరు, వర్చువల్ మెషీనులో అగపడు కార్డు వేరు. క్రొత్తదానికి డ్రైవరు లేనిచో విండోస్ డివైస్ మేనేజరులో ఆ కార్డుప్రక్క పసుపుపచ్చని గుర్తు కనబడును. డ్రైవరును ఇంటర్నెట్‌నుండి తెచ్చుకొందమన్నచో ఆ దారియే మూసికొనియున్నది. తాళపుచెవి పెట్టెలోనుండగా పెట్టెకు తాళము పడినట్లయినది.

దీనికి రెండుపాయములు గలవు. డ్రైవర్లు గల డిస్కుప్రతిని వర్చువల్ సీ.డీ.గా తగిలించుట యొకటి. దీనికి నెట్‌వర్కుతో పనిలేదు. వీఎంవేర్‌నందు వీఎంవేర్ టూల్స్ అనునదియు, కె.వి.ఎం.నందు వర్ట్‌ఐఓ డిస్కును ఇందుకే యున్నవి. రెండవది, ఇంటెల్ వారి పాతకార్డును అనుకరించు ఇ1000 అను రకమును తాత్కాలికముగా నియమించుట. దాని డ్రైవరు అనేక వ్యవస్థలలో ముందుగనే యుండును. దారి తెరచుకొన్న పిదప వేగముగల కార్డునకు మారవచ్చును. లినక్స్‌లో వర్ట్‌ఐఓ డ్రైవరు 2008నుండి మూలమునందే కలదు.

రెండవది చిరునామా చిక్కు. విండోస్‌లో పాతకార్డు పోయినను దాని పద్దు మరుగున మిగిలియుండును. క్రొత్తకార్డునకు పాత ఐ.పి. చిరునామా నీయబోగా, అది వేరొక కార్డున కిచ్చియున్నదని చెప్పును. అప్పుడు డివైస్ మేనేజరులో మరుగునపడిన పరికరములను చూపుమని కోరి, పాతకార్డు పద్దును తొలగింపవలెను. పాత విండోస్‌లలో అందులకు ముందొక చిన్న ఆజ్ఞ నీయవలసి యుండును. లినక్స్‌లో మరియొక తీరు. ప్రతి కార్డునకును 12 అంకెలక్షరములుగల మ్యాక్ సంఖ్య యుండును. పాత లినక్స్‌లు ఆ సంఖ్యను వ్రాసియుంచుకొని పాతకార్డునకే ఈత్0 అను పేరు నిలిపి, క్రొత్తదానికి ఈత్1 అని పేరిడును. చిరునామా ఈత్0 పేరుననే యుండిపోవును. ఆ వ్రాతను సవరించి సర్వరును తిరిగి లేపిన చాలును.

పిదప పరీక్షకు క్రమము గలదు. వర్చువల్ కార్డు తగిలించియున్నదా, సరియైన స్విచ్చికే కలిసియున్నదా యని ముందు చూడవలెను. అటుపిమ్మట గేట్‌వేను, ఆపై ప్రక్క కంప్యూటరును పలుకరింపవలెను. కట్టకడపట పేరుతో పిలిచి చూడవలెను. ఏ మెట్టున పలుకు ఆగునో చిక్కు అచ్చటనే యున్నదని యెరుగునది.

ఇక ముఖ్యమైన హెచ్చరిక. పని ఆగినదని తొందరపడి కొందరు పాతయంత్రమును మరల నడిపింతురు. రెండును ఒకే చిరునామాతో నెట్‌వర్కులోనున్నచో రెండును తడబడును. అంతకంటె కీడేమనగా, ఉదయమున పాతదానిలో కొంతయు, సాయంకాలమున క్రొత్తదానిలో కొంతయు వ్రాసిన యెడల ఒకే ఖాతాకు రెండు చిట్టాలు పుట్టును. ఏ రైతు జమ ఎందులో పడెనో తేల్చుట మిగుల కష్టము. మరికొందరు మూలవ్యవస్థనే చెరిపి మరల వేయజూతురు. గడియ రాలేదని యిల్లు పడగొట్టుట వంటిది అది.

కావున మీ సంఘములోగాని మండీలోగాని ఇట్టి మార్పు జరుగునప్పుడు పనివానిని మూడు ప్రశ్నలడుగుడు. లెక్కల ప్రతి వేరుచోట భద్రపరచితివా? పాత చిరునామాలు కాగితముమీద వ్రాసితివా? డ్రైవర్ల డిస్కు ముందుగనే తెచ్చితివా? మూడింటికి ఔననిన యెడల పూట ఆలస్యమైనను భయము లేదు. లేదన్నచో కోత దినములు గడచువరకు మార్పు నాపుమని చెప్పుటయే మేలు.