తల లేని ఉద్యోగి



శిరస్సునకు మన పెద్దలు ఉత్తమాంగమని పేరిడిరి. ఆ యుత్తమాంగమే కానరాని మనుష్యుని విగ్రహ మొకటి అమెరికాలోని లాస్ ఏంజెలెస్ నగరమునఁ గలదు. టెర్రీ ఆలెన్ అను శిల్పి 1991వ సంవత్సరమున నిర్మించిన కంచు విగ్రహమది. కోటు తొడిగి, చేత తోలుపెట్టె పట్టిన యుద్యోగి యొకఁడు కార్యాలయ భవనపు గోడ కడ ముందునకు వంగి నిలుచున్నాఁడు. తల గోడలోనికి దూరిపోయినది. మెడ వఱకే మనకుఁ గన్పట్టును. దానికి 'కార్పొరేట్ హెడ్' అని పేరు. ఆంగ్లమున హెడ్ అనఁగా తలయు నగును, సంస్థకు పెద్దయు నగును. ఆ పేరులోనే పరిహాసము గలదు.

ఈ యుద్యోగిని దలంచినపుడు రామాయణమునందలి కబంధుఁడు జ్ఞప్తికి వచ్చును. ఇంద్రుని వజ్రపు దెబ్బకు వాని తల మొండెములోనికి దిగఁబడినది. మిగిలినవి యోజనము పొడవు చేతులును, కడుపులో నోరును. దొరికినదెల్లఁ బట్టుట, మ్రింగుట. ఇంతకన్న వానికి వేఱు పని లేదు.

శరీరకష్టము మనుష్యుని హీనపఱచుననియు, కుర్చీపని గౌరవ మిచ్చుననియు లోకమున నొక తలంపు గలదు. చెన్నపట్టణపు మెరీనా తీరమున 1959లోఁ బ్రతిష్ఠింపఁబడిన శ్రామిక విజయ శిల్పము దీనికి సమాధానము. దేవీప్రసాద్ రాయ్ చౌధురి నిర్మించిన యా శిల్పమున నలుగురు కూలీలు పెద్దబండను కదల్చుచున్నారు. మా కుప్పము సీమ రాతిగనులలోఁ బనిచేయువారికి దానిని విడమఱచి చెప్ప నక్కఱలేదు. శ్రమచే వారి కండలు బిగిసినవి. కాని నలుగురికిని తలలున్నవి, ఒకరి బలము మఱియొకరికి తోడైనది. గోడ కడ నిలిచిన యుద్యోగికి బండ లేదు, తోడును లేదు. వాని మొగ మెట్టిదో యెవరికిని దెలియదు. కావున మనుష్యత్వమును హరించునది శ్రమ గాదు. తన తలను దన కుంచని యొంటరి కొలువు.

మా గుడుపల్లె స్టేషనులో రైలెక్కి బెంగళూరు కొలువులకుఁ బోవు పిల్లలు గలరు. ఇంటికి వచ్చినపుడు వారి జీత మెంతయని యడుగుదుము. 'నీ ప్రక్క కుర్చీలోనివాఁ డెవఁడు? వాని ఊరేది?' అని యడుగువారు అరుదు.

కబంధుని కథ దుఃఖాంతము గాదు. రామలక్ష్మణులు చేతులు ఖండించి, దేహమును దహింపఁగా వానికిఁ బూర్వరూపము వచ్చెను. తల తిరిగి వచ్చినవాఁడు రామునకుఁ జెప్పిన హితవు సుగ్రీవునితోఁ జెలిమి చేయుమని. మన పిల్లలు చేతులు ఖండించుకొన నక్కఱలేదు. సాయంకాలము వానిని కొంతసేపు పనినుండి విడిపించి, ఒక మిత్రుని భుజముమీఁద వేసినఁ జాలును.