పరీక్ష సరే... ఆ తర్వాత ఎక్కడికి?

హ్యాకథాన్‌లో ‘హెల్త్‌కేర్’ అని టాపిక్ ఇస్తే మనలో చాలామంది చేసేది ఒకటే. డాక్టర్ అపాయింట్‌మెంట్ యాప్, కాదంటే ఒక చాట్‌బాట్. డెమో బాగుంటుంది, చప్పట్లు పడతాయి. మరి అదే యాప్ మీ అమ్మమ్మగారి ఊళ్లో ఎవరికి పనికొస్తుందో ఎప్పుడైనా లెక్కేశారా? హెల్త్‌టెక్‌లో ఉద్యోగం చూసుకుంటున్నా, సొంతంగా స్టార్టప్ పెట్టాలనుకుంటున్నా ముందు తేల్చుకోవాల్సింది ఆ లెక్కే.

ఊరిదాకా వచ్చినవి

మన దగ్గర నుంచే మొదలుపెడదాం. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో 108 సేవ మొదలైంది. ఒక ఫోన్ నంబరు, కాల్ సెంటర్, దగ్గర్లో ఉన్న అంబులెన్స్‌ని పంపే ఏర్పాటు. విడివిడిగా చూస్తే ఇందులో అద్భుతమేమీ లేదు. ప్రభుత్వంతో కలిసి నడవడం, రోగి దగ్గర డబ్బు తీసుకోకపోవడం వల్ల పల్లెలకు చేరింది. స్మార్ట్‌ఫోన్ వాడటం రాని పెద్దవాళ్లకి కూడా ఇవాళ ఆ నంబరు నోటికొచ్చు.

షుగర్ ఉన్నవాళ్లకి రెటీనా దెబ్బతింటున్నా మొదట్లో చూపులో తేడా తెలియదు. తెలిసేసరికి ఆలస్యమైపోతుంది. బెంగళూరులో 2010లో మొదలైన ఫోరస్ హెల్త్ దీనికోసం ‘త్రీనేత్ర’ అనే కెమెరా తయారుచేసింది. క్యాంపులకు మోసుకెళ్లొచ్చు. శిక్షణ పొందిన టెక్నీషియన్ ఫొటో తీస్తే, కంటి డాక్టర్ వేరే ఊళ్లో ఉండి కూడా చూసి చెప్పొచ్చు.

గోవాకు చెందిన మోల్‌బయో సంస్థ ‘ట్రూనాట్’ యంత్రం బ్యాటరీతో నడుస్తుంది. టీబీ ఉందో లేదో సుమారు గంటలో చెబుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో దీన్ని సిఫారసు చేసింది. ఆంధ్రప్రదేశ్‌లో కరోనా పరీక్షలకూ ఈ యంత్రాలే అక్కరకొచ్చాయి.

ఎక్కడ తెగిపోతోంది?

ఇక్కడే జాగ్రత్తగా చూడండి. క్యాంపులో ఒక పెద్దాయన రెటీనాలో సమస్య ఉందని తేలిందనుకోండి. లేజర్ చికిత్సకి పట్నం వెళ్లాలి. ఆరోజు కూలి పోతుంది, తోడొచ్చే కొడుక్కీ పోతుంది. చూపు ఇంకా బాగానే ఉంది కదా, ‘పంట చేతికొచ్చాక చూద్దాంలే’ అంటాడు. కంపెనీ రిపోర్టులో ఆయన ‘స్క్రీనింగ్ పూర్తి’ లెక్కలో పడిపోతాడు. ఆయన కంటికి మాత్రం ఏ మేలూ జరగలేదు.

హైదరాబాద్‌లో 1987లో మొదలైన ఎల్‌వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ స్టార్టప్ కాదు, కానీ స్టార్టప్‌లు నేర్చుకోవాల్సింది అక్కడుంది. సుమారు 50 వేల జనాభాకి ఒక విజన్ సెంటర్, దానిపైన ఆపరేషన్లు చేసే సెంటర్, ఆపైన పెద్దాసుపత్రి. కింద కనిపెట్టిన సమస్య పైకి వెళ్లడానికి మెట్లు ముందే కట్టి ఉన్నాయి. విజన్ సెంటర్లలో పనిచేసేది కూడా చాలావరకు స్థానిక యువతే.

ఇంకో సంగతి. ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు ఇప్పటికే రిజిస్టర్లూ యాప్‌లూ రెండూ నింపుతున్నారు. మీ యాప్ వాళ్లకి ఇంకో లాగిన్ అయితే, ఆ టైమ్ గర్భిణుల ఇళ్లకు వెళ్లే టైమ్‌లోంచే పోతుంది. యంత్రాలదీ అదే తీరు. ట్రూనాట్‌కి ప్రతి పరీక్షకీ చిప్ కావాలి. చిప్‌ల సరఫరా ఆగితే అది గుడ్డ కప్పి మూలన పెట్టే పెట్టె.

మీరేం నేర్చుకోవాలి?

కోడింగ్ ఒక్కటీ వస్తే సరిపోదు. వైద్య పరికరాల నిబంధనలు-2017 చదవండి. 2020 ఏప్రిల్ నుంచి వైద్యానికి వాడే సాఫ్ట్‌వేర్ కూడా ‘పరికరం’ నిర్వచనంలోకి వస్తోంది. రోగి సమాచారానికి 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఉంది. ఈ రెండూ తెలిసిన ఇంజినీర్‌కి ఈ రంగంలో విలువ వేరే.

ఐఐటీ హైదరాబాద్‌లోని సెంటర్ ఫర్ హెల్త్‌కేర్ ఆంత్రప్రెన్యూర్‌షిప్ ఫెలోషిప్‌లో ఇంజినీర్లు ముందు ఆసుపత్రుల్లో తిరిగి సమస్య పట్టుకుంటారు, తర్వాతే పరికరం గురించి ఆలోచిస్తారు. విశాఖలోని మెడ్‌టెక్ జోన్‌లో పరికరాల తయారీ, టెస్టింగ్ రెండూ ఒకేచోట ఉన్నాయి. ఆలోచన గట్టిదైతే కేంద్ర ప్రభుత్వ సంస్థ బైరాక్ ఇచ్చే ‘బిగ్’ గ్రాంట్ కింద 50 లక్షల రూపాయల వరకు సాయం దొరుకుతుంది.

వీటన్నిటికంటే ముందు, ఖర్చులేని పని ఒకటుంది. మీ దగ్గర్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లి, మెడికల్ ఆఫీసర్ అనుమతి తీసుకుని ఒక పూట కూర్చోండి. మూడు ప్రశ్నలు అడగండి. ఇక్కడ వాడకుండా పడున్న యంత్రం ఏది, ఎందుకు? పెద్దాసుపత్రికి పంపినవాళ్లలో ఎంతమంది నిజంగా వెళ్లారని మీకెలా తెలుస్తుంది? రోజూ రెండుసార్లు రాయాల్సి వస్తున్నది ఏది?

జవాబులు నోట్ చేసుకోండి. ల్యాప్‌టాప్ ఆ తర్వాత తెరవొచ్చు.