మార్కుల నుంచి పట్టా దాకా: పరీక్షా మండలి పనితీరు

డిగ్రీ ఫలితాలు వెలువడిన వారంలో చాలా ఇళ్ళలో వినబడే మాట ఒకటుంది: "మాస్టారు ఇంకో రెండు మార్కులు వేసి ఉంటే పిల్లవాడు గట్టెక్కేవాడు." హోసూరులోనైనా, బరంపురంలోనైనా, షోలాపూరులోనైనా ఈ మాట ఒకటే. తరువాత తండ్రి కాలేజీకి వెళ్ళి పాఠం చెప్పిన మాస్టారిని కలుస్తాడు. ఆయన తన చేతిలో ఏమీ లేదంటారు. చాలా సందర్భాల్లో అది నిజమే. ఆ పేపరు ఎవరు దిద్దారో ఆయనకూ తెలియదు. ఈ తిరుగుళ్ళలో పునర్మూల్యాంకనానికి దరఖాస్తు పెట్టుకోవలసిన గడువు కాస్తా దాటిపోతుంది.

మార్కు వేసేది ఒక వ్యక్తి. ఫలితం నిర్ణయించేది ఒక మండలి. పట్టా ఇచ్చేది విశ్వవిద్యాలయం. ఈ మూడు పనులూ వేర్వేరు చేతుల్లో ఉంటాయి. ఈ తేడా తెలిస్తే ఏ దశలో ఎవరిని ఏమి అడగాలో తెలుస్తుంది. హోసూరులో బడి చదువు ముగించి బెంగుళూరులో డిగ్రీ చేసేవారు, యానాంలో డిగ్రీ చేసి కాకినాడకో విశాఖకో పై చదువుకు వెళ్ళేవారు మనలో ఎందరో ఉన్నారు. రాష్ట్రం మారితే నిబంధనలూ మారతాయి, వాటి పేర్లూ మారతాయి. కనుక మండలి పనితీరు స్థూలంగానైనా తెలుసుకోవడం అవసరం.

ఈ పద్ధతి ఎక్కడిది?

1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయాలు లండన్ విశ్వవిద్యాలయం నమూనాలో ఏర్పడ్డాయి. మొదట్లో వాటికి బోధనతో పని లేదు. పాఠం కాలేజీలు చెప్పేవి. పరీక్ష పెట్టి పట్టా ఇవ్వడం విశ్వవిద్యాలయం పని. 1904 నాటి విశ్వవిద్యాలయాల చట్టం తరువాతే బోధన బాధ్యత కూడా వాటికి వచ్చింది. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఏర్పడే దాకా మద్రాసు రాజధానిలోని తెలుగు జిల్లాల విద్యార్థులు మద్రాసు పట్టా కోసమే పరీక్షలు రాశారు. పాఠం చెప్పినవారు ఒక్కరే తీర్పరి కారాదన్న సూత్రం ఆ కాలం నుంచి వస్తున్నదే. సెమిస్టర్లు, గ్రేడ్లు వచ్చినా ఆ సూత్రం పోలేదు.

మండలిలో ఎవరుంటారు?

ముందుగా రెండు మండళ్ళను వేరు చేసి చూడాలి. ఏమి చదవాలో నిర్ణయించేది పాఠ్యమండలి, అంటే బోర్డ్ ఆఫ్ స్టడీస్. పరీక్ష సంగతి చూసేది పరీక్షకుల మండలి. కర్ణాటకలో దీన్ని బోర్డ్ ఆఫ్ ఎగ్జామినర్స్ అంటారు. ఫలితాలు ఖాయం చేయడానికి కూర్చునే సభను తమిళనాట పాసింగ్ బోర్డు అనడం వాడుక. ఒక అధ్యక్షుడు, ఆ విషయం బోధించే కొందరు అధ్యాపకులు, బయటి విశ్వవిద్యాలయం నుంచి ఒకరిద్దరు సభ్యులు, పరీక్షల నియంత్రణాధికారి లేక ఆయన ప్రతినిధి ఇందులో ఉంటారు.

స్వయంప్రతిపత్తి గల కాలేజీల్లో పరీక్షలు కాలేజీయే జరుపుతుంది. ఫలితాలను కాలేజీ మండలే ఖాయం చేస్తుంది. కాని పట్టా మాత్రం విశ్వవిద్యాలయానిదే. 1956 నాటి యూజీసీ చట్టం ప్రకారం పట్టా ఇచ్చే అధికారం విశ్వవిద్యాలయాలకు, చట్టం గుర్తించిన సంస్థలకు మాత్రమే ఉంది.

మండలి ముందుకు ఏమి వస్తుంది?

జవాబు పత్రం మీది రిజిస్టరు నంబరును తీసి, దాని స్థానంలో మారునంబరు వేసి దిద్దేవారికి ఇస్తారు. డిగ్రీ స్థాయిలో సాధారణంగా ఒకరే దిద్దుతారు. ఎం.ఏ., ఎం.ఎస్సీ. వంటి వాటికి అనేక విశ్వవిద్యాలయాల్లో ఇద్దరు విడివిడిగా దిద్దే పద్ధతి ఉంది. ఇద్దరి మార్కుల మధ్య తేడా నిబంధనలో చెప్పిన హద్దు దాటితే మూడో వారికి పంపుతారు. ఆ తరువాత అంతర్గత పరీక్షల మార్కులు, హాజరు, అక్రమాల కింద పట్టుబడిన వారి వివరాలు అన్నీ కలిపి పట్టికగా మండలి ముందు పెడతారు. ఆ పట్టికలో సాధారణంగా పేర్లు ఉండవు, అంకెలు మాత్రమే ఉంటాయి.

మండలి మొదట చూసేది ఒక్కొక్క విద్యార్థిని కాదు, పేపరు మొత్తాన్ని. ప్రశ్న పాఠ్యాంశానికి బయటిదా? ముద్రణలో తప్పు దొర్లిందా? ఒకరు దిద్దిన కట్టలో సగటు 38, మరొకరు దిద్దిన కట్టలో 52 ఉంటే ఆ తేడా విద్యార్థులదా, దిద్దినవారిదా? ఇలాంటి ఎగుడుదిగుళ్ళను సరిచేయడమే మోడరేషన్. ఉత్తరప్రదేశ్ న్యాయసేవల పరీక్షకు సంబంధించిన కేసులో సుప్రీంకోర్టు 2007లో ఈ సంగతి విడమరిచి చెప్పింది. ఒకే పేపరును పలువురు దిద్దినప్పుడు వచ్చే తేడాలకు మందు మోడరేషన్. వేర్వేరు విషయాల మార్కులను ఒకే కొలతకు తెచ్చేది స్కేలింగ్. ఒకదాని చోట మరొకటి వాడరాదు.

గ్రేస్ మార్కులు వేరే సంగతి. అవి ఉన్నచోట ఎన్ని ఇవ్వవచ్చు, ఎన్ని పేపర్లకు ఇవ్వవచ్చు అన్నది ముందే నిబంధనగా రాసి ఉంటుంది. ఆ నిబంధన కిందికి వచ్చే అందరికీ అది ఒకేలా వర్తిస్తుంది. ఒకరి కష్టం చూసి, ఆ ఒక్కరికే రెండు మార్కులు కలిపే అధికారం మండలికి లేదు. కఠినంగా తోచినా, ఎవరి సిఫారసూ లేని పిల్లవాడికి రక్ష ఈ నిబంధనే.

రెండు గీతలు

మొత్తం 50 వచ్చినా తప్పాడేమిటని కొందరు ఆశ్చర్యపోతారు. తమిళనాట డిగ్రీ కోర్సుల్లో సాధారణంగా కనిపించే లెక్క చూద్దాం. అంతర్గత పరీక్షకు 25, చివరి పరీక్షకు 75. మొత్తంలో 40 రావాలి. చివరి పరీక్షలో కూడా విడిగా 40 శాతం, అంటే 75కు 30 రావాలి. ఒక విద్యార్థికి అంతర్గతంలో 22, చివరి పరీక్షలో 28 వచ్చాయనుకుందాం. మొత్తం 50. ఐనా తప్పినట్టే, రెండో గీత దాటలేదు కనుక. ఇటువంటి విద్యార్థి అంతర్గత మార్కుల కోసం మాస్టారి చుట్టూ తిరిగి ప్రయోజనం లేదు. అతడు చూసుకోవలసింది చివరి పరీక్ష పత్రం.

పై తరగతికి వెళ్ళడం

తప్పిన పేపరు ఉంచుకుని ముందుకు వెళ్ళడాన్ని ఒక్కోచోట ఒక్కో పేరుతో పిలుస్తారు. తమిళనాట, పుదుచ్చేరిలో అరియర్స్. మహారాష్ట్రలో ఏటీకేటీ. ఒడిశాలో బ్యాక్ పేపరు. కర్ణాటకలో క్యారీ ఓవర్. తెలుగు రాష్ట్రాల్లో బ్యాక్‌లాగ్. పాతవారి నోట సప్లిమెంటరీ. పేర్ల వెనుక నియమాలూ వేరే. కొన్నిచోట్ల ఎన్ని పేపర్లు మిగిలినా పై సెమిస్టరులో కూర్చోవచ్చు. కొన్నిచోట్ల ఇన్నిటికి మించితే ఆగిపోవాలి. కోర్సు మొత్తం ఇన్నేళ్ళలో ముగించాలన్న గరిష్ఠ గడువు కూడా ఉంటుంది. చేరిన నాడే తెలుసుకోవలసిన సంగతులు ఈ రెండూ: ఎన్ని పేపర్ల దాకా సడలింపు ఉంది, ఎన్నేళ్ళ దాకా గడువు ఉంది.

హాజరు మరో గడప. సాధారణంగా 75 శాతం కావాలి. అంతకు కొంత తగ్గితే వైద్య కారణాలు చూపి, రుసుము కట్టి మినహాయింపు కోరవచ్చు. మరీ తగ్గితే పరీక్ష రాయనివ్వరు. కొన్నిచోట్ల ఆ సెమిస్టరు మళ్ళీ చదవాలి.

ఉత్తీర్ణత ప్రకటించడం ప్రభుత్వాల చేతిలో కూడా లేదని 2020లో తేలింది. కరోనా కాలంలో చివరి సంవత్సరం పరీక్షలు లేకుండానే పట్టాలు ఇవ్వాలని మహారాష్ట్ర తలచింది. పరీక్షలు వాయిదా వేయవచ్చు గాని, అవి లేకుండా ఉత్తీర్ణులను చేయరాదని ఆ ఏడాది ఆగస్టు 28న సుప్రీంకోర్టు చెప్పింది. ఫీజు కట్టిన అరియర్స్ విద్యార్థులందరూ పాసైనట్టే అని తమిళనాడు ప్రభుత్వం ప్రకటించగా, 2021 ఏప్రిల్‌లో మద్రాసు హైకోర్టు దాన్ని అంగీకరించక పరీక్షలు జరపమంది. పాసయ్యామనుకుని నిశ్చింతగా ఉన్నవారు మళ్ళీ పుస్తకాలు తీయవలసి వచ్చింది.

గ్రేడ్ల లెక్క

యూజీసీ సూచించిన పది పాయింట్ల పట్టికలో ఓ గ్రేడుకు 10, ఏ ప్లస్‌కు 9, ఏకు 8, బీ ప్లస్‌కు 7, బీకి 6, సీకి 5, పీకి 4. తప్పినా రాకపోయినా 0. ప్రతి పేపరు పాయింట్లను ఆ పేపరు క్రెడిట్లతో హెచ్చవేసి, అన్నీ కూడి, మొత్తం క్రెడిట్లతో భాగిస్తే సెమిస్టరు సగటు వస్తుంది.

తెలుగు 3 క్రెడిట్లు, 9 పాయింట్లు: 27. ఇంగ్లీషు 3 క్రెడిట్లు, 6 పాయింట్లు: 18. ప్రధాన విషయం మొదటి పేపరు 5 క్రెడిట్లు, 7 పాయింట్లు: 35. రెండో పేపరు 5 క్రెడిట్లు, 8 పాయింట్లు: 40. అనుబంధ విషయం 4 క్రెడిట్లు, 5 పాయింట్లు: 20. క్రెడిట్లు 20, పాయింట్లు 140, సగటు 7. అనుబంధ విషయం తప్పి ఉంటే 120ని అదే 20తో భాగించాలి. సగటు 6కు దిగుతుంది. క్రెడిట్లు ఎక్కువ ఉన్న పేపరు బరువు కూడా ఎక్కువే.

అన్ని పేపర్లనూ ఇలా ఒకే సగటులో కలపని పద్ధతి కూడా ఉంది. మద్రాసు విశ్వవిద్యాలయ సంప్రదాయంలో డిగ్రీకి మొదటి భాగం తమిళం లేదా మరో భాష, రెండో భాగం ఇంగ్లీషు, మూడో భాగం ప్రధాన విషయాలు. వీటికి శ్రేణి విడివిడిగా కడతారు. కాబట్టి తెలుగులో ఎన్ని మార్కులు వచ్చినా మూడో భాగంలో శ్రేణి పెరగదు. తెలుగు తప్పితే మాత్రం పట్టా రాదు. "తెలుగే కదా" అని తేలిగ్గా తీసుకునేవారు ఈ రెండో సంగతి గుర్తుంచుకోవాలి.

తెలుగు పేపరు ప్రత్యేకత

రెండు వేల మంది రాసే వాణిజ్యశాస్త్రం పేపరుకు సగటులు, పోలికలు పనికివస్తాయి. నలుగురైదుగురు రాసే తెలుగు పేపరుకు అవి పనికిరావు. ఒకరిద్దరు దిద్దేవారు తప్ప మరొకరు దొరకరు. చేతిరాత చూస్తే పిల్లవాడెవరో తెలిసిపోతుంది. అందుకే తెలుగు మండలిలో బయటి సభ్యుని పాత్ర ఎక్కువ. ఆ సభ్యుడు తరచు ఆంధ్ర, తెలంగాణ విశ్వవిద్యాలయాల నుంచి వస్తారు. ఇక్కడే చిక్కు. "ఇల్లుండాది", "వస్తా ఉండాడు" అని ఇంట్లో పలికే పిల్లవాడు అవే రూపాలు వ్యాసంలో రాస్తే, ఒకరు దాన్ని దక్షిణాది తెలుగుగా గుర్తిస్తారు, మరొకరు ఎర్ర గీత గీస్తారు. ఇది దిద్దేవారి దయకు వదలవలసిన విషయం కాదు. దేన్ని మాండలికంగా అంగీకరించాలి, ఎక్కడ ప్రమాణ భాష కోరాలి అన్నది దిద్దే నియమావళిలోనే ముందుగా రాసుకోవాలి. ఆ అధికారం మండలికి ఉంది. మన అధ్యాపకులు మండలిలో కూర్చున్నప్పుడు ఈ ఒక్క పని చేసినా తరువాతి తరగతులవారికి మేలు.

పట్టా ప్రదానం

మండలి ఖాయం చేసిన ఫలితం విశ్వవిద్యాలయ ఆమోదంతో వెలువడుతుంది. తరువాత తాత్కాలిక పత్రం, ఆపైన స్నాతకోత్సవంలో పట్టా. విద్యార్థి అర్హత పొందవలసిన తేదీ నుంచి 180 రోజుల్లోగా పట్టా ఇవ్వాలని యూజీసీ 2008 నిబంధన చెబుతోంది. ర్యాంకులు, పతకాలు సాధారణంగా అన్ని పేపర్లూ మొదటిసారే పాసైనవారికి పరిమితం.

పట్టా మెట్లు కూడా కొంత మారాయి. 2022లో యూజీసీ ప్రకటించిన చట్రంలో 40 క్రెడిట్లకు సర్టిఫికెట్, 80కి డిప్లొమా, 120కి డిగ్రీ, 160కి నాలుగేళ్ళ ఆనర్స్. మధ్యలో ఆగేవారు మరో 4 క్రెడిట్ల వృత్తి కోర్సు కూడా పూర్తి చేయాలి. ఇది అన్ని రాష్ట్రాల్లో ఒకేలా అమలు కాలేదు; కర్ణాటక 2024లో మూడేళ్ళ డిగ్రీకే తిరిగి వెళ్ళింది.

ఏమి అడగవచ్చు?

మార్కుల కూడికలో అనుమానముంటే రీటోటలింగ్. దిద్దిన తీరు మీద అనుమానముంటే ముందు జవాబు పత్రం నకలు, ఆ తరువాత పునర్మూల్యాంకనం. నిబంధనల్లో లేని పునర్మూల్యాంకనాన్ని హక్కుగా కోరలేమని సుప్రీంకోర్టు 1984లో మహారాష్ట్ర బోర్డు కేసులో చెప్పింది. కాని దిద్దిన తన జవాబు పత్రాన్ని చూసుకునే హక్కు సమాచార హక్కు చట్టం కింద విద్యార్థికి ఉందని అదే కోర్టు 2011లో తీర్పు ఇచ్చింది. మూల్యాంకనంలో అన్యాయం, ఫలితాల్లో ఆలస్యం వంటి ఫిర్యాదులను కాలేజీలోని ఫిర్యాదుల పరిష్కార సంఘానికి ఇవ్వాలి. అక్కడ తేలకపోతే 2023 యూజీసీ నిబంధనల ప్రకారం నియమితులైన అంబుడ్స్‌పర్సన్‌కు విన్నవించుకోవచ్చు.

వీటిలో చాలావాటికి గడువు రోజుల లెక్కన ఉంటుంది. కనుక ఫలితం వచ్చిన రోజు చేయవలసిన మొదటి పని నోటీసులోని చివరి తేదీ రాసుకోవడం. రెండోది, తప్పింది ఏ గీత దగ్గరో చూసుకోవడం: అంతర్గతమా, చివరి పరీక్షా, హాజరా. ఆపైన వేసే దరఖాస్తు సరైన చోటికే చేరుతుంది.